బావి మీద కారు ఇంజను

బ్రేక్ ఇన్‌స్పెక్టరు నడుం వంచి, బానెట్ లోపలికి తల దూర్చి, ఇంజను పక్కన ఆనించిన తెల్లకాగితం మీద పెన్సిలుతో అడ్డంగా రుద్దాడు. పిల్లలు నాణెం మీద కాగితం పెట్టి రుద్దుతారే, అదే విద్య. ఇనుములో గుద్దిన అంకెలు ఒక్కొక్కటే కాగితం మీదికి తేలాయి. ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని చూశాడు. తరువాత కారుకు బిగించి ఉన్న ఇత్తడి పలక చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"ఇదు బేరే ఇంజిన్ అల్వా?" అన్నాడు కన్నడంలో.

మా పెదమామకు కన్నడం తెలుగంత బాగా వచ్చు. చింతామణి మండీలో యాభై ఏళ్ళుగా రెండు భాషల్లోనూ టమోటా బేరాలు చేసినవాడు. అయినా ఏమీ అర్థం కానట్టు నా వైపు తిరిగాడు.

"ఏమంటాండాడప్పా?"

"ఇది వేరే ఇంజను అంటాండాడు మామా."

"అది నాకు తెలీదా? ఆయప్పకు తెలీకూడదని గదా అంత గ్రీజు పూసింది!"

గుసగుస అనుకుని అన్న మాట ఆర్టీవో ఆఫీసు ఆవరణ అంతా వినపడింది. ఇన్‌స్పెక్టరు చేతి వేళ్ళు గుడ్డకు తుడుచుకుంటూ, ఈసారి తెలుగులోనే, "గ్రీజు బాగా పూసినారు పెద్దాయనా. ఇంకో బండికి సరిపోయేది" అన్నాడు.

మర్యాదస్థుడు. కోప్పడలేదు, నవ్వలేదు. చాసీ నంబరు సరిగ్గా ఉందని, ఇంజను నంబరు మాత్రం పలక మీద ఉన్నదానికి, ఆఫీసులో ఉన్నదానికి కలవడం లేదని చెప్పాడు. ఈ ఇంజను ఏ బండిలోంచి వచ్చిందో రుజువు తేవాలి. లేదా అసలు ఇంజను తేవాలి. ఈ రెండూ కాకపోతే బండిని రోడ్డు మీదికి వదిలే దారి లేదు. చిక్కబళ్ళాపురం జిల్లా అయిన కొత్తలో జరిగిన సంగతి ఇది. ఆ ఊళ్ళో నేను పత్రిక విలేకరిగా ఉన్నాను. పలుకుబడి ఉంటుందని మామ నన్ను వెంట తెచ్చుకున్నాడు. నా పలుకుబడి ఆ పూట ఒక కుర్చీ దాకా పనిచేసింది.

కారును టమోటా టెంపోలో తెచ్చాం, టెంపోలోనే వెనక్కు తీసుకుపోయాం. చింతామణి పొలిమేరలో మామ, "అసలు ఇంజను యాడుండాదో నీకు తెలుసు గదా" అన్నాడు. తెలుసు. మా ఇంట్లో అందరికీ తెలుసు. బట్లహళ్ళిలో, మా చిన్నమామ బావి మీద ఉంది.

బావి మీదికి కారు ఇంజను ఎట్లా వచ్చిందో చెప్పాలంటే మా తాత దగ్గర మొదలుపెట్టాలి. అమ్మ వైపు తాత. పట్టుగూళ్ళ వ్యాపారి. బంగారు గనుల్లో పనిచేసిన ఒక దొర సీమకు పోతూ సామాన్లు అమ్ముతున్నాడని తెలిసి, బీరువా కొందామని పోయి కారు కొనుక్కొచ్చాడు. ఇంగ్లీషువాళ్ళ ఆటబండి, స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, నేలకు జానెడెత్తు. ఇంట్లో చూస్తే పదకొండు మంది. తాతకు నడపడం రాదు కాబట్టి ఒక సీటు డ్రైవరుకు పోయింది. మిగిలిన సీటులో తాత కూర్చునేవాడు. అంతటితో కారు నిండిపోయేది. అవ్వ ఒక్కనాడూ ఎక్కలేదట. "పైన కప్పు లేని బండిలో ఊరంతా చూస్తాంటే కూర్చునేదానికి నేనేమన్నా ఉత్సవ విగ్రహమా?" అనేదట.

పెదమామ ఆ కారులోనే నడపడం నేర్చుకున్నాడు. అదే ఆయన బతుకులో వచ్చిన ఏకైక సొగసు. ఆ తరువాతదంతా టమోటా.

ఒక కరువు సంవత్సరం బట్లహళ్ళి పొలంలో బావి మీది నీళ్ళ ఇంజను పగిలిపోయింది. పైరు వాడుతోంది. కొత్త ఇంజనుకు ఆర్డరిచ్చినా ఎప్పుడొస్తుందో తెలియదు. తాత షెడ్డులోకి పోయి కారును చూశాడు. ఆయన కంట్లో అది కారు కాదు, చక్రాలున్న పంపుసెట్టు. మెకానిక్కును పిలిపించి ఇంజను దించి, ఎద్దుల బండి మీద బట్లహళ్ళికి పంపి, పంపుకు తగిలించేశాడు. కిరసనాయిలుతో నడిచింది. నడవడమే కాదు, అంతకు ముందున్న దానికన్నా బాగా నడిచిందట. పైరు బతికింది. కొత్త ఇంజనుకిచ్చిన ఆర్డరును తాత రద్దు చేశాడు. కారు షెడ్డులో నోరు తెరుచుకుని ఉండిపోయింది.

తాత పోయాక పెద్దమనుషులు కూర్చుని భాగాలు పంచారు. చింతామణి ఇల్లు, మండీలో దుకాణం, కారు పెద్దవాడికి. బట్లహళ్ళి పొలం, బావి, "బావి మీద ఉండేదంతా" చిన్నవాడికి. ఆ మాట చెప్పిన పెద్దమనిషి మనసులో కప్పీ, మోట తాడు, రాతి తొట్టి మాత్రమే ఉండి ఉంటాయి. ఇంజను సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టేటప్పటికి తాంబూలాలు అయిపోయాయి.

పెదమామ పంతం మీద పాత టాక్సీ ఇంజను ఒకటి ఎక్కడినుంచో తెప్పించి కారులో బిగించాడు. దాన్నేసుకుని బాగేపల్లిలో అత్తగారింటికి బయలుదేరాడు. పక్కన మా అత్త, ఒళ్ళో చీరల సంచి. బావమరిది గృహప్రవేశం. కారు బాగేపల్లి మొదట్లో, సరిగ్గా జనం ఉన్నచోట ఆగిపోయింది. కబురు తెలిసి బావమరుదులు నలుగురూ పట్టుపంచెలతోనే వచ్చి ఇంటిదాకా తోసుకుపోయారు. మేళగాళ్ళు ముందు నడిచారని కొందరంటారు. అది నేను నమ్మను. నమ్మకపోవడానికి ఆధారం కూడా లేదు.

అప్పటినుంచి బాగేపల్లి వాళ్ళు ఏ శుభకార్యానికి పిలిచినా ఆ మాటతోనే పిలుస్తారు. "బావా, బస్సులో వస్తాండావా, తోసేదానికి మమ్మల్నే రమ్మంటావా?" మామ ఫోను మా అత్త చేతికి ఇచ్చేసేవాడు. ఆమె పుట్టింటి పక్షం. "వాళ్ళు తోసినారు గాబట్టి ఇల్లు జేరినా. లేకుంటే ఇంకా ఆ రోడ్డు మీదనే కూసోనుంటిని" అనేది.

గృహప్రవేశం నుంచి తిరిగొచ్చిన మరునాడే పెదమామ బట్లహళ్ళికి పోయి తమ్ముణ్ణి ఇంజను అడిగాడట. తమ్ముడు, "బావి మీద ఉండేదంతా నాది. దప్పికయితే నీళ్ళు తాగిపోన్నా" అన్నాడట. పెదమామ నీళ్ళు తాగకుండా వచ్చేశాడు. ఆ తరువాత అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. పెళ్ళిళ్ళకు పోతారు, చావులకు పోతారు, ఒకే పంక్తిలో కూర్చుని తింటారు. మాట మాత్రం మూడో మనిషి మీదుగా పోవాలి. మా వైపు ఇళ్ళలో ఇదేం వింత కాదు. మనిషి దొరక్కపోతే గోడకు చెప్పుకుంటారు.

ఇదంతా గడిచి పాతికేళ్ళు దాటింది. పెదమామకు కంటి శుక్లాలు వచ్చాయి. ఒక కంటికి ఆపరేషన్ చేసిన డాక్టరు, రెండోది కూడా అయ్యాక కొంతకాలం బాగానే కనబడుతుందని అన్నాడు. ఆ "కొంతకాలం" అన్న మాట మామను పట్టుకుంది. ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోవడానికి కొన్నాళ్ళ ముందు, ఒక రోజు నాకు ఫోను చేశాడు.

"ఒగసారి బాగేపల్లికి పోయి రావల్లప్పా."

"పోదాం మామా. బస్సులు బోలెడుండాయి."

"బస్సులో గాదు. కార్లో. నేనే నడపల్ల. యాడా ఆగకుండా పోయి, వాళ్ళింటి ముందర హారన్ కొట్టల్ల. ఒగసారి చాలు."

ఆయన కోరిక అంతే. అసలు ఇంజను ఉండి ఉంటే ఆ రోజు కారు ఆగేది కాదని ఆయన నమ్మకం. దాన్ని బావమరుదుల ముందు రుజువు చెయ్యాలి. కళ్ళు ఉన్నప్పుడే చెయ్యాలి. రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయి ఎన్నో ఏళ్ళయింది. ముందు దాన్ని నిలబెట్టాలి. అందుకు నంబర్లు కలవాలి.

అసలు ఆ నంబర్ల మీద ముందు ఆసక్తి పుట్టింది నాకే. పత్రికలో పనిచేసినవాడికి అంకెలంటే భక్తి తక్కువ, భయం ఎక్కువ. ఒక సున్నా జారిపోతే మరునాడు ఎవరో ఒకరు ఆఫీసు గుమ్మం ఎక్కుతారు. ఆ భయంతోనే ఇత్తడి పలకను సున్నితంగా తుడిచి, దాని మీదున్న అక్షరాలు అంకెలు రాసుకుని, చిక్కబళ్ళాపురంలో బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరులో కూర్చున్నాను. పక్క కుర్చీలో ఒకాయన పెళ్ళిసంబంధాలు చూస్తున్నాడు. ఇద్దరం గంటల తరబడి ఒకే పని చేశాం. ఎవరు ఎక్కడివాళ్ళో, ఏ రంగో, ఎప్పుడు పుట్టారో వెదకడం.

ఇంగ్లండులో ఇట్లాంటి బండ్లున్న ముసలివాళ్ళు ఒకరికొకరు రాసుకునే చోటు ఒకటి దొరికింది. అక్కడ ప్రశ్న వేస్తే రెండో రోజుకు జవాబు వచ్చింది. పలక మీది మొదటి అక్షరం బండి రకం. రెండోది కప్పు లేని రెండు సీట్ల బండి అని చెప్పేది. మూడోది రంగు. దాని తరువాతి అంకె స్టీరింగు కుడివైపున పెట్టి బయటి దేశాలకు పంపిన బండి అని చెప్పేది. ఆ వెనక ఉన్నది వరస సంఖ్య. ఇంజను నంబరుకూ ఇట్లాంటి జాతకమే ఉంది. అందులో ఒక అక్షరం నన్ను ఆపింది. అది కంప్రెషన్, అంటే లోపల ఇంధనాన్ని నొక్కే ఒత్తిడి, తక్కువ ఉన్న ఇంజనుకు వేసే గుర్తట. మంచి పెట్రోలు దొరకని దేశాలకు అట్లాంటివి పంపేవాళ్ళట. అంటే ఆ కంపెనీవాళ్ళకు మన పెట్రోలు మీద నమ్మకం లేదు. ఆ అపనమ్మకం పుణ్యాన బట్లహళ్ళిలో అది కిరసనాయిలు తాగి కూడా హాయిగా నడిచింది.

ఇవన్నీ చెబితే మామ ఒక్క రంగు దగ్గరే పట్టుకున్నాడు. ఆ మూడో అక్షరానికి దంతపు తెలుపు అని అర్థం.

"తప్పు. మా నాయన కొనుక్కొచ్చిన దినం నేను చూసినా. ఎర్రగా ఉండె, కుంకుమ మాదిరి."

"నంబరు తెలుపంటాండాది మామా."

"నంబరు చూసిందా, నేను చూసినానా?"

తలుపు అంచున రబ్బరు పట్టీ పీకి రూపాయి బిళ్ళతో గీకాను. ఎరుపు లేచింది. దాని కింద మీగడ రంగు కనబడింది. మామ చాలాసేపు వంగి చూశాడు. ఆపరేషన్ అయిన కంటితో ఒకసారి, కాని కంటితో ఒకసారి.

"దొర పూయించుంటాడు" అన్నాడు చివరికి. "నేను జూసే పొద్దుకు ఎర్రగానే ఉండె. నాది తప్పు గాదు." అయినా ఆ రోజు నుంచి పలక మీది నంబర్ల మీద ఆయనకు దేవుడి మీదున్నంత గురి కుదిరింది. ఇంజను నంబరు కంఠస్థం చేశాడు. టమోటా బేరం మధ్యలో కూడా పెదాలు కదిలేవి. వేలం పాటగాళ్ళు ఆయన జపం పట్టాడనుకున్నారు.

అంత గురి ఉండీ టాక్సీ ఇంజనుకు గ్రీజు పూసి ఇన్‌స్పెక్టరు ముందుకు ఎందుకు తెచ్చాడంటే, తమ్ముణ్ణి అడగడం కన్నా ఇన్‌స్పెక్టరును మోసం చేయడం తేలిక అనుకున్నాడు. అది కుదరలేదు. ఇక మిగిలింది బట్లహళ్ళి.

ఆదివారం పూట ఇద్దరం పోయాం. కారు రోడ్డెక్కకూడదు కాబట్టి బస్సులో. చిన్నమామ పొలంలో బావి ఎండిపోయి చాలా కాలమైంది. నీళ్ళు ఇప్పుడు ఎక్కడో పాతాళంలో బోరు వేస్తే వస్తాయి, వచ్చినంతవరకు. కానీ బావి గట్టు శుభ్రంగా ఉంది. గట్టు మీద సిమెంటు దిమ్మె. దిమ్మెలో నడుం దాకా దిగబడి మా తాత కొన్న ఇంజను. దాని పక్కనే, అదే సిమెంటులో, పసుపు రాసిన గంగమ్మ రాయి. బావిలో నీళ్ళు బాగా పడిన సంవత్సరం ఇంజను అదరకుండా దిమ్మె కట్టించారట. ఎట్లాగూ మేస్త్రీ వచ్చాడు, సిమెంటు కలిపి ఉంది, గంగమ్మను కూడా అక్కడే నిలిపేశారు. ఆనాటినుంచి గంగమ్మకు చేసిన ప్రతి పూజా ఇంజనుకు కూడా జరిగింది. ఇంజను మెడలో చామంతి దండ ఉంది. కార్బ్యురేటరు ఉండాల్సిన చోట కొబ్బరిచిప్ప.

పెదమామ దండ వైపు చూసి, ఇంజను ఇమ్మని ఒక్కసారే అడగలేక, నాతో అన్నాడు. "చెప్పప్పా ఆ మనిషికి. నంబరు చూసుకొని పోతామని."

ఆ మనిషి, అంటే చిన్నమామ, మాకు చేతికందే దూరంలో తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కూడా నాతోనే అన్నాడు. "నంబరు సిమెంట్లో ఉండాది. సిమెంటు కొడితే గంగమ్మ కదుల్తుందని చెప్పు ఆయప్పకు."

"బాయిలో నీళ్ళే లేవు. ఆయమ్మ ఎప్పుడో ఎళ్ళిపోయింటుందిలే, అను."

"ఎళ్ళిపోతే ఈ ఇంజనుకు యాలా తిరగతాండారు, వేరే యాడన్నా చూసుకోమను."

"ఇది మా నాయన కారు ఇంజనని చెప్పు."

"నాకేమన్నా వేరే నాయనా అని అడుగు."

నేను నోరు తెరవాల్సిన పనే పడలేదు. ఉద్యోగంలో ఇంత తేలిగ్గా ఏ వార్తా దొరకలేదు.

కాఫీ గ్లాసులతో వచ్చిన చిన్నత్త ఈ సంవాదం విని, "మీరిద్దరూ యాలా కొట్లాడతారు? ఆయమ్మ ఈడనే ఉండాది గదా, ఆయమ్మనే అడుగుదాం" అంది. మా వైపు దేవుణ్ణి ఏదైనా అడగాలంటే తడిపిన పువ్వు రాతికి అంటిస్తారు. కుడిపక్క రాలితే సరే అన్నట్టు, ఎడమపక్క రాలితే వద్దన్నట్టు. దాని మీద అప్పీలు లేదు. చిన్నత్త దండలోంచి ఒక చామంతి తుంచి, చెంబులో ముంచి, గంగమ్మ నుదుట అంటించింది. "అమ్మా, నంబరు చూసుకోవచ్చునా?" అని గట్టిగా అడిగింది. అడిగింది అంతవరకే. ఈ సంగతి తరువాత ముఖ్యమైంది.

కాఫీలు చల్లారాయి. పువ్వు కదల్లేదు. పెదమామ ఆపరేషన్ అయిన కంటిని పువ్వుకు దగ్గరగా పెట్టి చూస్తున్నాడు. మండీలో లారీ సరుకు రేటు పడిపోయినా ఆయన ముఖంలో అంత ఆత్రం చూడలేదు. గాలి తగిలిందో, బరువే ఎక్కువైందో, పువ్వు జారింది. మా వైపునుంచి చూస్తే ఎడమకు పడింది.

పెదమామ గట్టు మీద కూలబడ్డాడు. "అయిపాయె" అన్నాడు, ఎవరితోనూ కాదు.

చిన్నత్త నవ్వింది. "ఏమి బావా, కారు నడిపినోడివి, అంత తెలీదా? ఆయమ్మ మనకు ఎదురుగా కూసోనుండాది. ఆయమ్మకు అది కుడిచెయ్యి."

నిజమే. కారుకు ఎదురుగా నిలబడితే కుడి స్టీరింగు కూడా మనకు ఎడమకే కనిపిస్తుంది. చిన్నమామకు ఆ తీర్పు నచ్చలేదు కానీ, భార్య మీద గాని గంగమ్మ మీద గాని పోయే ధైర్యం లేదు. లోపలికి పోయి సుత్తి, ఉలి తెచ్చాడు. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. తానే కూర్చుని, పిల్లవాడి చెవి కుట్టేంత జాగ్రత్తగా సిమెంటు చెక్కాడు. పెదమామ వెనకనుంచి వంగి, "మెల్లిగా, మెల్లిగా చెప్పప్పా" అని నాకు చెబుతూ ఉన్నాడు.

నంబరు గుద్దిన చోటు బయటపడింది. నేను కాగితం పెట్టి, ఇన్‌స్పెక్టరు చేసినట్టే పెన్సిలు రుద్దాను. ముందు ఇంజను సైజు తెలిపే అంకెలు వచ్చాయి. తరువాత అక్షరాలు. కంప్రెషన్ తక్కువ అని చెప్పే ఆ గుర్తు స్పష్టంగా తేలింది. పెదమామ కళ్ళు మూసుకుని పలక మీది నంబరు అప్పజెబుతున్నాడు. ఆయన నోట ఒక అంకె, నా కాగితం మీద అదే అంకె. సిమెంటు కింద దాగినవి దాగినట్టే కొత్తగా ఉన్నాయి. చిన్నమామ కూడా తలకాయ ముందుకు పెట్టాడు.

"ఎనిమిది" అన్నాడు పెదమామ, చివరి అంకె.

కాగితం మీద తేలింది సగం. కుడివైపు రెండు వంపులు ఉన్నాయి. ఎడమవైపు ఏమీ లేదు. ఎనిమిది అరిగితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. మూడు ఎట్లా ఉంటుందో అట్లా కూడా ఉంది.

ఆ ఒక్క అంకె మాత్రం సిమెంటు బయట ఉండిపోయింది. ఏటేటా ఆయుధపూజకు నిమ్మకాయ కోసి ఇంజనుకు రుద్దేది అక్కడే. పూజకు ముందు దాన్ని ఎట్లా శుభ్రం చేస్తారని అడిగాను.

"చింతపండు పెట్టి తోమతా" అంది చిన్నత్త గర్వంగా. "బిందెలు తోమినట్లే. ఆడ ఏదో గీత మాదిరి ఉండె, మురికి పట్టిందేమోనని ఇంకా గట్టిగా తోముతాంటి."

భక్తి చేరని అంకెలన్నీ భద్రంగా ఉన్నాయి. చేరిన ఒక్కటీ అరిగిపోయింది.

"ఎనిమిది" అన్నాడు పెదమామ.

"మూడు" అన్నాడు చిన్నమామ.

ఎనిమిదైతే ఇంజను కారుది. మూడైతే అది ఇంకేదో ఇంజను. గంగమ్మ పక్కన కూర్చోవడానికి దానికి అడ్డం లేదు. చిన్నమామ లెక్క అంత సులభం.

"ఏమిరా, మన నాయన మూడు నంబరు ఇంజను ఇంగొగటి తెచ్చినాడా? యాడినుంచి తెచ్చినాడు?"

"నాకేం తెలుసున్నా? మెకానిక్కు మార్చుంటాడు. నువ్వు కారు ఎర్రగా ఉండాదని అంటా ఉంటివి గదా, అది తెలుపంటనే. నీ మాట ఎట్ల నమ్మేది?"

రంగు సంగతి ఆయనకు ఎవరు చెప్పారో నేను చెప్పను. పెదమామ నావైపు ఒక చూపు చూశాడు, మళ్ళీ తమ్ముడి మీదికే పోయాడు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. చిన్నత్త నా మోచేయి గిల్లి, నవ్వు ఆపుకుంటూ వాళ్ళ వైపు చూపించింది. అప్పటికి గాని నాకు తెలియలేదు, వాళ్ళు నన్ను వదిలేసి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారని.

పెన్సిలు కాగితం ఇన్‌స్పెక్టరుకు చూపించాం. ఆయన సొరుగులోంచి భూతద్దం తీసి చూశాడు, కిటికీ దగ్గరకు పోయి చూశాడు.

"మూడంటే మూడు. ఎనిమిదంటే ఎనిమిది. నాకు మాత్రం ఒకటే రాసేదానికి జాగా ఉండాది పెద్దాయనా."

బెంగళూరులో ఒక ప్రయోగశాల ఉందని, ఇనుము మీద మందు పూసి అరిగిన అంకెను పైకి తెస్తారని చెప్పాడు. ఇంజనును అక్కడికి తీసుకుపోవాలి. మామ ఆ సాయంత్రమే బట్లహళ్ళి బస్సెక్కాడు. ఒంటరిగా. నన్ను రమ్మనలేదు.

ఇంజను దిమ్మె దిగడానికి చిన్నమామ ఒప్పుకోలేదు. పువ్వు అడిగింది చూడటానికే గాని ఎత్తుకుపోవడానికి కాదని ఆయన వాదన. మళ్ళీ అడుగుదామంటే చిన్నత్త, "అమ్మను ఊరికే అడగతారా? ఆయుధపూజ రానీ" అంది. ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు అమ్మను విసిగించకూడదు అంది. తరువాత రాగి కోతలు వచ్చాయి. నేను ఇంగ్లండు ముసలివాళ్ళకు మళ్ళీ రాశాను. చివర మూడు ఉన్న ఇంజను కూడా నిజంగానే ఉండేదని, అది ఏ కారులో పోయిందో, ఏ దేశం చేరిందో తమకు దొరకలేదని ఒకాయన జవాబు రాశాడు. ఆ కాగితం చిన్నమామ నా దగ్గర అడిగి తీసుకున్నాడు. మడిచి గంగమ్మ వెనక పెట్టాడు. చింతపండుతో తోమడం మాత్రం ఆపించాడు.

పెదమామకు రెండో కంటి ఆపరేషన్ కూడా అయింది. ఆ కొత్త కంటితో చూస్తే ఎనిమిది ఖాయమని తేలుతుందని బట్లహళ్ళికి పోయాడు. పోయి, రెండు రోజులు ఉండి వచ్చాడు. తేలిందా అని అడిగితే, "వానికి కండ్లు సరిగ్గా లేవప్పా, వానికీ ఆపరేషన్ చేపియ్యల్ల" అన్నాడు. కారు చింతామణి షెడ్డులో ఉంది. బాగేపల్లి నుంచి ఫోను వస్తే ఇప్పుడు మామే తీసుకుని మాట్లాడతాడు. వాళ్ళింటి ముందర హారన్ మాత్రం ఇంకా కొట్టలేదు. బావి మీది ఇంజను చివరి అంకె మూడో ఎనిమిదో తేలలేదు.